లారీకి మెడ లేదు

మా ఇల్లు ఇప్పుడు రోడ్డు మీదికే ఉంది. పొద్దున అరుగు మీద కూర్చుంటే మొరం టిప్పర్లు, ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. నేను వాటి రంగు చూడను, నడిపే మనిషిని చూడను. ఇరుసులు లెక్కపెడతాను. ముందొకటి వెనకొకటి ఉంటే ఆరు చక్రాల బండి. ముందొకటి వెనక రెండు ఉంటే పది చక్రాలది. ముందు రెండు వెనక రెండు ఉంటే పన్నెండు. ఇంకా పొడుగైనవి కొన్ని, ఖాళీగా పోయేటప్పుడు ఒక ఇరుసును నేల తగలకుండా పైకి ముడుచుకుంటాయి, కోడి ఒంటికాలి మీద కునికినట్టు. అది చూసినప్పుడల్లా నాకు నిద్ర వచ్చినట్టు అవుతుంది. నిద్ర కాదు అది. డెబ్బై ఏండ్లు దాటి వెనక్కి జారిపోవడం.

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. మనవరాలు బడి నుంచి వచ్చి పలక మీద దిద్దించేది. మొదట దేవుడి పేరు రాయవ్వా అంది. దేవుడు ఆగుతాడులే, ఇరుసు అని రాయించు అన్నాను. ఎందుకని అడిగింది. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నాది తెలకపల్లి దిక్కు. పెళ్లయి పాన్‌గల్ దగ్గరి ఊరికి వచ్చాను. అప్పుడు లడాయి నడుస్తున్నది. ఎక్కడ నడుస్తున్నదో మాకు తెలియదు. కిరసనాయిలు దొరకకపోవడం, లారీలకు పెట్రోలు దొరకకపోవడం, గద్వాల మగ్గాలకు నూలు రాకపోవడం, మాకు తెలిసిన లడాయి ఇంతే. నాకు పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. మా మెట్టపొలంలో జొన్న కోసి, చొప్ప వాము వేశాక వానాకాలం దాకా పని ఉండదు. ఆ ఏడు మాత్రం పని ఊరి ముందరికే వచ్చింది. వనపర్తికి పోయే బాట మధ్యలో నల్లరేగడి పల్లం ఒకటి ఉండేది. వాన పడితే బండ్లు అందులో ఇరుసు దాకా దిగేవి. దాని మీద మొరంతో కట్ట పోసి రోడ్డు లేపుతామని ఒక గుత్తేదారు వచ్చాడు. గుట్ట దగ్గర మొరం తవ్వడం, బండ్ల మీద మోయడం, పల్లంలో పోయడం, ఇదే పని. ఊరి నుంచి ఐదు బండ్లు కుదిరాయి. అందులో మాది ఒకటి.

మా ఆయన బండి తోలేవాడు. నేను బండి సర్దేదాన్ని. సర్దడమంటే ఊరికే నింపడం కాదు. రెండు చక్రాల బండికి ఒకటే ఇరుసు. బరువంతా దాని మీద నిలబడాలి. కొంచెం వెనక్కి పోయిందా, నొగలు పైకి లేస్తాయి, కాడి లేస్తుంది, మెడతాడు ఎద్దు గొంతు పడుతుంది. ఎక్కువ ముందుకు వచ్చిందా, కాడి మెడ మీద కూర్చుంటుంది, సాయంత్రానికి పుండు. అందుకని ఇరుసు కంటే ఒక పిసరు ముందుకు ఉండాలి. ఆ పిసరు ఎంత? దానికి మా అత్త ఒక లెక్క పెట్టింది. ఎద్దుల్ని కట్టకముందు నొగల కింద ఊతకర్ర తీసి, రెండు చేతులతో కాడిని ఎత్తి చూడాలి. నిండు బిందెను నేల మీది నుంచి నడుము మీదికి ఎత్తినప్పుడు ఎంత బరువుంటుందో అంతే ఉండాలి. ఎక్కువుంటే ఒక తట్ట వెనక్కి. తక్కువుంటే ఒక తట్ట ముందుకు.

మా అత్త ఆ పని కళ్ళు మూసుకుని చేసేది. ఎందుకు మూసుకుంటావత్తా అంటే, కండ్లుంటే కుప్పను చూసి మోసపోతం, చేతులకు మోసం తెల్వదు అనేది. నేను కూడా కళ్ళు మూసుకునే నేర్చుకున్నాను. ఎండలో, మొరం దుమ్ములో, ఎర్రగా కనబడే ఆ చీకటిలో, చేతుల మీదికి నీళ్లు లేని బిందె ఒకటి నిండుగా వచ్చి కూర్చునేది. ఇప్పటికీ ఒక్కొక్కప్పుడు నిద్రలో నా చేతులు పైకి లేస్తాయట. ఏం ఎత్తుతున్నవవ్వా అని మనవరాలు అడుగుతుంది.

పని మొదలై నెల కూడా కాలేదు, లారీ వచ్చింది.

దాన్ని ముందు చెవులతోనే విన్నాం. దూరంగా పెద్ద తేనెపట్టు కదిలినట్టు. తర్వాత బొగ్గు వాసన. పెట్రోలు లేదు కదా, డ్రైవరు కూర్చునే డబ్బా వెనకాల ఇనుప పొయ్యి ఒకటి కట్టి, బొగ్గు కాల్చి ఆ పొగ మీదనే నడిపేవాళ్లు. పొయ్యిని వీపున కట్టుకుని నడిచొచ్చే జంతువును మేము ఎన్నడూ చూడలేదు. ఎద్దులు చెవులు నిక్కబొడిచాయి. దాని తలుపు మీద తెల్లరంగుతో ఏవో గీతలున్నాయి. అవి అంకెలని, మూడు టన్నుల కంటే ఎక్కువ వేయవద్దని అర్థమని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు అవి గోడ మీది ముగ్గులాగా కనబడ్డాయి.

అసలు వింత దాని తొట్టి. కట్ట మీదికి పోయి వెనక తలుపు తీసి, పక్కనున్న పిడిని మనుషులు తిప్పితే తొట్టి ముందు భాగం మెల్లగా పైకి లేచేది. ఎంత మెల్లగా అంటే, అది లేస్తుందో మనమే కిందికి పోతున్నామో తెలిసేది కాదు. మొరం కదలకుండా అట్లనే ఉండేది. ఇంకా లేచేది. ఇంకా ఉండేది. చూస్తున్న ఆడవాళ్ళందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. అప్పుడు ఒక్కసారిగా, నిద్రలో ఉన్న మనిషి దుప్పటి తన్నేసినట్టు, మొరమంతా జారిపోయేది. ఎర్రదుమ్ము లేచి, ఆ దుమ్ములో ఖాళీ తొట్టి ఆకాశం దిక్కు నోరు తెరుచుకుని నిలబడేది. ఎన్నిసార్లు చూసినా నాకు చాలేది కాదు.

మా ఆయనకు మాత్రం చాలింది. నాలుగు బండ్ల మొరం అది ఒక్కసారి మోసేది. బండ్లు ఆపేయమన్నారు. ఐదు బండ్లూ నొగలు నేలకు ఆనించి ముక్కు మీద పడ్డట్టు నిలబడ్డాయి. మా ఆయన బండి కింది నీడలో పడుకుని చక్రం నడుమ నుంచి పోయే కర్ర ఆకులు లెక్కపెట్టేవాడు. అవి పన్నెండని తెలుసు, మళ్ళీ లెక్కపెట్టేవాడు.

నన్ను, మా అత్తను లారీ నింపే దాంట్లో పెట్టారు. ఆడవాళ్ళు పలక మీది నుంచి ఎక్కి తట్టలు పోసేవాళ్ళు. నేను తొట్టిలో నిలబడి పారతో సర్దాలి. నేనే ఎందుకంటే, బండి బాగా సర్దుతానని గుత్తేదారు చూశాడు.

డ్రైవరు గద్వాల మనిషి. సాలెవాళ్ళ ఇంట పుట్టి, ముప్పై ఏండ్లు వచ్చేదాకా మగ్గం మీద చీరలు నేసినవాడు. నూలు ఆగిపోయాక రాయచూరు పోయి లారీ నేర్చుకున్నాడు. ఇంట్లో రెండు మగ్గాలు బూజు పట్టి ఉన్నాయని, తల్లి, తండ్రి, భార్య, ఇద్దరు పిల్లలు ఈ లారీ మీదనే బతుకుతున్నారని మొదటి రోజే చెప్పాడు. మగ్గం గుంటలో కాళ్ళాడించినట్టే దీంట్లోనూ ఆడించాలి, కాళ్ళు అవే, బట్టే రాదు అనేవాడు. రాయచూరు అలవాటు కాబోలు, తొట్టి నిండగానే "చాలు చాలు" అనకుండా కన్నడంలో "సాకు సాకు" అని అరిచేవాడు. మేము నవ్వేవాళ్ళం. నన్ను చెల్లె అనేవాడు. నింపుతున్నంతసేపు అతనికి ఆ పొయ్యితోనే పని. బూడిద దులపడం, బొగ్గు పోయడం, ఊదడం. పొగకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. తొట్టిలోకి తొంగిచూసే తీరిక లేదు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. దాచుకునే వయసు దాటిపోయింది.

మొదటి రోజు తొట్టిలో నిలబడి, బరువు ఎక్కడ పెట్టాలని ఆలోచించాను. ఎత్తి చూద్దామంటే నొగలు లేవు, కాడి లేదు. ఇంజను ముందర ఉంది. అంటే ఎద్దు అదే. బండి లాగే ఎద్దు మెడ మీద కొంత బరువు ఉండాలి, లేకుంటే గొంతు పడుతుంది. ఈ ఎద్దు పెద్దది, కాబట్టి పెద్ద బరువు. కింద నిలబడ్డ మా అత్తను అడిగాను. ఆమె కూడా కాసేపు ఆలోచించింది.

"దానికి శానా ఎడ్ల బలముందంటరు. మెడ మీద జర ఎక్కువనే ఎయ్యి. లేకుంటె ముందర లేస్తది," అంది.

అంతే. ప్రతిసారీ మొరమంతా డ్రైవరు డబ్బా దిక్కు కొండలాగా పోసి, వెనక్కి వాలుగా తీసేదాన్ని. వెనక తలుపు దగ్గర మోకాలెత్తు కూడా ఉండేది కాదు. చూడటానికి ఎంత అందంగా ఉండేదో. గుట్ట మీద వాలిన గుట్టలాగా.

తొట్టి లేపడానికి పిడి దగ్గర నలుగురు మగవాళ్ళు కావలసి వచ్చేది. లారీ అంటే అట్లనే ఉంటుంది కాబోలు అనుకున్నాం. తిప్పుతుంటే రెక్కలు ఊడొస్తున్నాయని, ఈ బండి మొండిదని డ్రైవరు సాయంత్రాలు భుజాలు పిసుక్కునేవాడు. అదీ అట్లనే ఉంటుంది కాబోలు అనుకున్నాం. ఇరవై రోజులు అట్ల నడిచింది.

ఒక రోజు మధ్యాహ్నం ఎండాకాలపు గాలివాన కొట్టి పోయింది. తెల్లారి బాట మెత్తగా ఉంది. రెండో తిరుగుడులో, నిండు లారీ బాటకు అడ్డంగా పారే వాగువంక దాటుతుంటే ఎండిన చింతకొమ్మ విరిగినట్టు చప్పుడు. ఎడమ పక్క ముందు చక్రం లోపలికి ముడుచుకుంది. ఇరుసుకు పైన బరువు మోసే కమాను పట్టీలు విరిగాయి, ముందు ఇరుసు వంగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. లారీ మాత్రం మోకాలు దిగిన ఎద్దులాగా ముందుకు ఒంగి, వీపు మీది పొయ్యి నుంచి సన్నగా పొగ వదులుతూ కూర్చుంది.

ఓవర్సీరు సాబు సైకిలు మీద వచ్చాడు. ఆ పనంతటికీ పై అధికారి అతనే. చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. చుట్టూ ఒకసారి తిరిగి, వంకలోకి చూడకుండా ఉరికించావని డ్రైవరును పట్టుకున్నాడు. డ్రైవరు పొయ్యి దిక్కు ఒక్కసారి తల తిప్పానని ఒప్పుకున్నాడు. అది చాలింది. ఎల్లుండి పొద్దున వనపర్తికి మనిషి పోతాడు, వాడి చేతికి కాగితం ఇస్తాను, నిన్ను తీసేసినట్టు, మళ్ళీ ఎక్కడా లారీ ముట్టకుండా రాస్తాను అన్నాడు.  డ్రైవరు తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఇంటి దగ్గర మగ్గాలు బూజు పట్టి ఉన్నాయి. ఇప్పుడు లారీ కూడా పోతే ఆ చేతులకు ఏ పనీ లేదు.

అదే సాయంత్రం బండ్లను పిలిచారు. వేరే డ్రైవరు దొరకడు, దొరికేవాళ్లంతా లడాయికి పోయారు. అందుకని వానలు పడేదాకా బండ్లే మొరం మోయాలన్నారు. ఊరికి ప్రాణం వచ్చింది. ఐదుగురూ చక్రాలు ఊడదీసి ఇరుసులకు ఆముదం కందెన పెట్టారు. మా ఆయన ఎద్దుల కొమ్ములకు కూడా నూనె రాశాడు. ఆ కందెన వాసన ఇల్లంతా నిండింది. ఎన్నాళ్ళకో ఆయన అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

మరునాడు పొద్దున మా బండి సర్ది, కళ్ళు మూసుకుని కాడి ఎత్తాను. నిండు బిందె. సరిగ్గా ఉంది. బండి కదిలింది, నేను వెనక నడిచాను. గుట్ట దిగాక బాట ఒక చోట మలుపు తిరుగుతుంది. అక్కడ వానకు మెత్తబడ్డ నేల మీద, విరగబోయే ముందు లారీ పోయిన గాడి ఆరిపోయి ఉంది. బండి ఇంట పుట్టినవాళ్ళకు గాడి కనబడితే ఊరికే ఉండబుద్ధి కాదు. వేళ్ళు పెట్టి చూస్తాం. గాడి లోతు చూస్తే బండి మీద ఎన్ని బస్తాలున్నాయో చెప్పవచ్చు.

తిన్నగా ఉన్న చోట లారీ వెనక చక్రాలు ముందు చక్రాల గాడినే తొక్కుకుంటూ పోతాయి. ఏది దేని లోతో తెలియదు. కానీ మలుపులో వెనక చక్రాలు లోపలి పక్కగా కోసుకుని పోతాయి. నాలుగు గాళ్ళు వేరువేరుగా పడతాయి. ముందు చక్రం గాడిలో వేళ్ళు పెట్టాను. వేళ్ళన్నీ దిగి, అరచేయి సగం దాకా దిగింది. వెనక జంట చక్రాల గాడిలో పెట్టాను. రెండు కణుపులు కూడా దిగలేదు.

అక్కడే కూర్చుండిపోయాను. బరువంతా నేను దాని మెడ మీద పెట్టాను. కానీ మెడ మీద పెట్టవలసిందో కాదో నాకు ఇంకా తెలియదు. విరిగిన లారీ దగ్గరికి పోయాను. డ్రైవరు పొయ్యిలోని బూడిద తోడుతున్నాడు. ఇక నడపబోని లారీకి పొయ్యి ఎందుకు శుభ్రం చేస్తున్నాడో నేను అడగలేదు.

"అన్నా, దీని బలం యాడుంటది?" అన్నాను.

"ఎనక గిర్రలల్ల," అన్నాడు తలెత్తకుండా. "ఇంజను ముందర్నే ఉంటది గని దాని బలమంత ఒక పెద్ద కడ్డీ మీదికెల్లి ఎనకకు పోతది. ఎనక గిర్రలు నూకుతయి. ముందటివి ఉత్తగ తొవ్వ సూపెట్టనీకె."

నూకుతాయి. లాగవు.  ఇరవై రోజులు నేను లేని ఎద్దుకు మెడ పెట్టి, దాని మీద కొండ మోపాను. మోసేవాణ్ణి ఖాళీగా ఉంచి, దారి చూపేవాడి నెత్తిన గంపలు పెట్టాను. డ్రైవరుకు ఇదంతా అప్పుడే చెప్పలేదు.  అది పిరికితనమే.

మధ్యాహ్నం బండి నీడలో సద్దన్నం తింటున్నప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆయన నమలడం ఆపలేదు. గాళ్ళ సంగతి చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది, నాకంటే తొందరగా.

"ఎవ్వరికన్న జెప్పినవా?"

"లేదు."

"చెప్పకు మరి. నువ్వు జెప్తె ఆయనను ఉంచుతరు. ఆయనుంటె లారీ లేస్తది. లారీ లేస్తె మన బండ్లు మల్ల నేల మీద పంటయి."

"ఆయనకు ఇంట్ల ఐదుగురున్నరు."

"మనకు ఎడ్లున్నయి. అవి తినవా? ఆయనకు గద్వాల్ల మగ్గాలున్నయి గద."

"మగ్గానికి నూలు లేదు," అన్నాను.

ఆయన చేయి కడుక్కుని లేచాడు. ఎద్దులను కాడికి కట్టాడు. ఆయన చెడ్డవాడని అనుకోకండి. ఎద్దుల డొక్కలు ఆ ఏడు ఎట్లున్నాయో నేను చూశాను.

మరునాడే ఓవర్సీరు కాగితం పంపే రోజు. పొద్దున్నే లేచేసరికి నాకు ఒకే భయం. ముందు రోజు బండ్లు తిరిగి తిరిగి ఆ మలుపులో గాళ్ళను తొక్కాయి. బయటి పక్కవి అప్పటికే కూలిపోయాయి. ఇంకో నాలుగు తిరుగుళ్ళయితే నేను చెప్పేది కథే అవుతుంది, చూపడానికి ఏమీ ఉండదు. అందరికంటే ముందు పోయి, చేను గట్టు మీది తుమ్మకంప నాలుగు మండలు ఈడ్చుకొచ్చి, లోపలి పక్క మిగిలిన గాళ్ళ మీద పరిచాను. చేతులు గీరుకుపోయాయి. పరిచి పక్కన నిలబడ్డాను.

మొదట వచ్చిన బండి మాదే.

మా ఆయన ఎద్దులను ఆపాడు. కంపను చూశాడు. నా చేతులు చూశాడు. వెనక నాలుగు బండ్లు ఆగాయి. ఏమైందని వెనకవాడు కేక వేశాడు. పొద్దు అప్పుడే గుట్ట మీదికి వచ్చి, ఎద్దుల చెవుల్లోంచి ఎర్రగా వెలుగు కనబడుతున్నది. ఒక కందిరీగ కంప మీద తిరుగుతున్నది. ఆ కాసేపు ఎంతసేపో నేను చెప్పలేను. ఇప్పటికీ అది అయిపోలేదనిపిస్తుంది.

మా ఆయన ఎడమ ఎద్దు పగ్గం లాగాడు. బండి బాట దిగి, కోసిన జొన్నచేనులోకి ఒరిగి, కంప చుట్టూ తిరిగి మళ్ళీ బాట ఎక్కింది.  వెనక నాలుగు బండ్లూ ఆయన గాడిలోనే పోయాయి.

ఓవర్సీరు వచ్చాక ఎదురుపోయాను. కాగితం జేబులోనే ఉంది. డ్రైవరు చంకలో బట్టల మూట పెట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. ఇరుసు వంగడం ఆయన తప్పు కాదు, నేను బరువు ముందర వేశాను, అందుకే వంగిందని చెప్పాను. ఓవర్సీరు నవ్వాడు.

"తట్ట మోసే ఆడిదానివి, ఇనుప ఇరుసు వంచినవా? ఆయనేమైన నీకు చుట్టమా?"

నేను జవాబు చెప్పేలోపల వెనక నుంచి మా అత్త వచ్చింది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు, అప్పుడే విన్నది. తట్ట కింద పెట్టి, "దానికేం తెల్వదు సాబు. ఎక్కువెయ్యమన్నది నేను. ముసలిదాన్ని, నన్ను అను," అంది.

ఇద్దరినీ చూసి ఓవర్సీరు నవ్వు ఆపాడు. మలుపు దగ్గరికి తీసుకుపోయాం. కంప తీశాను. ముందు గాడిలో నా చేయి పెట్టి చూపాను, తర్వాత వెనక గాడిలో. ఆయన గొంతుకు కూర్చుని, ముంజేతి గుండీ విప్పి, తన చేయి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ఎట్లా నింపావో చూపమన్నాడు. నేను నేల మీద పుల్లతో తొట్టి గీసి, గుప్పెళ్ళతో మొరం పోసి చూపాను. ఆయన ఆ కుప్పను చాలాసేపు చూశాడు. తర్వాత తన చేత్తో దాన్ని వెనక్కి జరిపి, నాలుగు పాళ్లలో మూడు పాళ్లు వెనక ఇరుసు మీద పడాలి, ఒక పాలు ముందు ఇరుసు మీద, అందుకే వెనక జంట చక్రాలు పెట్టారు అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నేను చిన్నపిల్లలాగే విన్నాను. ఎవరైనా నాకు ఒక సంగతిని అట్లా కూర్చుని చెప్పడం అదే మొదలు.

కాగితం జేబులోంచి తీసి నాలుగు ముక్కలు చేశాడు. డ్రైవరు మూట కింద పెట్టలేదు. ఇంకా నమ్మకం కుదరక, దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. చివరికి నా దిక్కు తిరిగాడు.

"పడుగు ఒక పక్కకే గుంజితె పోగు తెగుతదని పుట్టినకాడికెల్లి ఎరుక నాకు. తిప్పుతుంటె చేతులు జెప్తనే ఉండె చెల్లె. నేనే ఇనలే."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. తిడతాడనుకున్నాను.

ఊరి కమ్మరి బండి పట్టాలు వేసే కొలిమిలోనే ఇరుసును కాల్చి తిన్నగా చేశాడు. కమాను పట్టీలు గద్వాల నుంచి వచ్చాయి. పది రోజుల్లో లారీ లేచింది. ఆ పది రోజులు బండ్లు తిరిగాయి, తర్వాత ఆగాయి. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. బావి దగ్గర ఒకామె, బండ్ల నోట్లో మన్ను కొట్టింది అని నాకు వినబడేట్టే అంది. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

చెడగొట్టింది నువ్వే, సక్కగ వేసేది నువ్వే అని ఓవర్సీరు నన్నే మళ్ళీ తొట్టిలోకి ఎక్కించాడు. డ్రైవరు బొగ్గు ముక్కతో తొట్టి లోపలి గోడ మీద ఒక గీత గీశాడు. ముందు కిందికి, వెనక పైకి. ఆ గీత దాకా నింపాను. "సాకు," అన్నాడు, ఈసారి తొంగిచూసి. లారీ కదిలింది. వంక దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. కట్ట మీద పిడి దగ్గరికి అలవాటుగా నలుగురు పోయి బలమంతా పెట్టి తిప్పారు. అది వెన్నలాగా తిరిగి, ఒకడు వెనక్కి పడ్డాడు. అందరం నవ్వాం. తొట్టి లేచింది. తేలిగ్గా, మబ్బు లేచినట్టు. మొరం ముందటిలాగా ఒక్కసారిగా కాకుండా, మెల్లగా, చివరిదాకా, ధారగా పోయింది. ఇప్పటికీ నా కలల్లోకి వచ్చేది ఆ ధారే.

బండ్లు మళ్ళీ ఆగాక మా ఆయన నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఎద్దులకు వేరే పని వెతుక్కుని, నాగర్‌కర్నూలు దిక్కు రాళ్ళు తోలడానికి పోయి వచ్చాడు. వచ్చిన రోజు బండి విప్పి, కాడి చేత్తో ఎత్తి పట్టుకుని, కాసేపు అట్లనే నిలబడ్డాడు.

"లారీకి నొగలుంటె, ఎంత బరువుండాలె?" అన్నాడు నన్ను చూడకుండా.

"దానికి మెడనే లేదు," అన్నాను.

ఆయన మూతి బిగించాడు కానీ నవ్వు ఆగలేదు. కాడి దించి, అన్నం పెట్టమన్నాడు.

ఆ మలుపులో కంప తీసి బాట అంచుకే వేశాను కదా, సగం బాటకు అడ్డంగానే పడి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తి పారేయలేదు. ఐదు బండ్లు ఒకసారి చేనులోకి తిరిగిపోయిన గాడి అప్పటికే పడి ఉంది. తర్వాత వచ్చిన బండ్లు ఆ గాడిలోనే తిరిగాయి. లారీ కూడా అట్లనే తిరిగింది. వానలు వచ్చాయి, పోయాయి. గుట్ట బాట కంకర రోడ్డయింది, ఎన్నో ఏండ్లకు తారు రోడ్డయింది. ఆ వంపు మాత్రం అట్లనే ఉంది. అక్కడ బావి లేదు, చెట్టు లేదు, రాయి లేదు. రోడ్డు ఊరికే చేనులోకి ఒరిగి మళ్ళీ బయటికి వస్తుంది. కొలిచినవాళ్ళు ఏదో చూసుకునే వేసి ఉంటారని జనం అనుకుంటారు.

మా ఆయన ఉన్నన్నాళ్ళు, బస్సులో ఆ వంపు వచ్చినప్పుడు మోచేత్తో నన్ను పొడిచేవాడు. ఇప్పుడు ఆయన లేడు. అయినా అక్కడికి రాగానే నేను కళ్ళు మూసుకుంటాను. బస్సు ఒరుగుతుంది, నా ఒళ్ళు ఒరుగుతుంది, ఎడమ ఎద్దు పగ్గం ఎవరో లాగుతారు.